నిమ్మ ఐసు వేళ ఏడుపు పాట

ఒపెరా అంటే పదిమంది కలిసి రాసేది, ఒక్కడు తిట్లు తినేది. ఆ ఒక్కణ్ణి నేపుల్స్‌లో సంగీతకర్త అంటారు (మర్యాద కోసం).

సవేరియో అలాంటి పెద్దమనిషే. తమ్ముడు చేపలవేటకు పోయి సముద్రంలో మునిగిపోతే, ఆ దుఃఖంలోంచి అతనికొక పాట పుట్టింది. దాన్ని తమ్ముడి పెళ్లాం నున్సియాత చెవిన వేయాలని, పాట చుట్టూ నాలుగంకాల ఒపెరా కట్టాడు. రాజు మునిగిపోతాడు, చివర్లో రాణి ఏడుస్తుంది. పద్ధతి ప్రకారం ముందు గొంతులు, వాటి అడుగున మంద్రస్వరం మాత్రమే రాశాడు. వాయిద్యాలు తర్వాత. (ఎముకలు ముందు, మాంసం తర్వాత. మధ్యలో ఏ గాయని అలిగినా ఎముక మార్చుకోవచ్చు.)

ఆ ఎముకల గూడు రాజుగారి తరఫున నాటకాలు పరిశీలించే అధికారి దగ్గరికి వెళ్లింది. నేపుల్స్ రంగస్థలం మీద రాజులు చావకూడదని ఆయన దయతో గుర్తుచేశాడు. అందుకని రాజు మునిగి, ఆరోగ్యంగా పైకి తేలాడు. మరి రాణి ఎందుకు ఏడుస్తున్నట్టు? అధికారి కాస్త ఆలోచించి, రాజుగారికి జలుబు చేసిందని రాసుకోమన్నాడు.

తర్వాత రాణి వేషం కట్టే ఓర్తెన్సియా దిగింది, పెట్టెతో సహా. పేరున్న ప్రతి గాయనికీ ఒక పెట్టెపాట ఉంటుంది. ఏ ఊళ్లో ఏ ఒపెరా అయినా అదే తీసి పాడుతుంది.

"జలుబుకి ఇంత ఏడుపేంటండీ మేస్ట్రో? నా వానకోయిల పాట పాడేస్తా. పార్మాలో జనం లేచి నిలబడ్డారు," అంది.

"అది వేరే కథలోది కదమ్మా."

"కథ కోసం ఎవరొస్తారండీ?"

నాటకశాల నడిపే డోన్ కార్మినే ఇద్దరికీ న్యాయం చేశాడు. ఏడుపు పాటను రెండో దాసి వేషం కట్టే అమ్మాయికిచ్చి, ఐసు వేళకు జరిపాడు. ఐసు వేళంటే చిన్న గాయని పాడుతుండగా పెద్దమనుషులు నిమ్మ ఐసు తినే వేళ. సవేరియో ఒప్పుకున్నాడు. నున్సియాత వింటే చాలు.

వాయిద్యాలు రాస్తుంటే, నకలు రాసేవాళ్లు సిరా ఆరకముందే కాగితాలు లాక్కుపోయారు. కార్మినే బావమరిది బూర ఊదుతాడు కాబట్టి, ప్రతి దుఃఖంలోనూ ఒక బూర చేరింది.

మొదటి ప్రదర్శనలో రెండో దాసి నోరు తెరవగానే హాలంతా లేచింది (గౌరవంతో కాదు). పై అంతస్తులో నున్సియాత ముందుకు వంగి చెవి ఒగ్గింది. చెంచాల చప్పుడు, ఐసు అమ్మేవాళ్ల కేకలు, మధ్యమధ్య బావమరిది. పాట అయిపోయిందని ఆమెకు పక్కవాళ్లే చెప్పారు.

మర్నాడు కార్మినే సవేరియోని గట్టిగా కావలించుకున్నాడు.

"ఇలా ఎప్పుడూ జరగలేదు మేస్ట్రో. మీ పాట ముగిసేసరికి ఐసు మొత్తం ఖాళీ. వచ్చే ఒపెరాలో ఇంకొంచెం పొడుగ్గా ఏడిపించండి."