అబ్బాస్ సారు మెచ్చుకోలు

1988 వేసవిలో ఎల్లారెడ్డి ఊరి అబ్బాస్‌కు కామారెడ్డి కాలేజీలో పిల్లలకు వ్యాసాలు రాయడం నేర్పే కొలువు దొరికింది. దొరికిందంటే పూర్తిగా కాదు. కొత్త లెక్చరర్లకు పెట్టిన శిక్షణ తరగతుల్లో, చివరి రోజు పెద్దసారు ముందు వ్యాసం దిద్ది చూపి మెప్పిస్తేనే అది నిలుస్తుంది. లేదంటే మామగారి సైకిల్ షాపులో పంక్చర్లు వేసుకోవాలి.

శిక్షణ ఇచ్చే రాజమణి మేడం ఒకటే పట్టు పట్టింది. "పిల్లగాడు రాసింది చేతికి రాంగనే ఎర్రపెన్ను పట్టద్దు. ముందుగాల మనసారా మెచ్చుకోండ్రి. తప్పులు తర్వాత."

అబ్బాస్‌కు తప్పులు పట్టడం పుట్టుకతో వచ్చిన విద్య. పెళ్లినాడు భార్య మజీదా మొహం చూసీ చూడగానే "ముక్కుపుల్ల వంకరుంది" అన్న మనిషి. మెచ్చుకోవాలంటే నాలుక మెలిపడుతుంది. అందుకని ఆ చివరి రోజు పొద్దున, కామారెడ్డి చేరేలోగా కనపడిన ప్రతివాళ్లనూ మెచ్చుకొని నాలుకను సాపు చేసుకుందామనుకున్నాడు.

"మెచ్చుకుంటే మెచ్చుకో గని, మాషా అల్లా అను. లేకుంటే నజర్ తగుల్తది, దిష్టి కొడ్తది," అంది మజీదా గడపలోంచి.

"మా ట్రైనింగుల నజర్ పాఠం లేదు," అని బయల్దేరాడు.

పక్కింటి భూమక్క పాలు పిండుతోంది. "అక్కా, ఏం బర్రె అక్కా. జిల్లాల గిసొంటి పొదుగు లేదు," అన్నాడు. బర్రె తల తిప్పి అతన్ని ఎగాదిగా చూసి, తాపీగా బకెట్టును తన్నింది. పాలన్నీ మోరీ కాల్వలో కలిశాయి.

బస్సెక్కి డ్రైవర్‌తో "పోచయ్యన్నా, నీ బస్సంత గట్టి బస్సు డిపోలనే లేదు," అన్నాడు. లింగంపేట దగ్గర టైరు పేలింది. ఆ చప్పుడుకు పొలాల్లోని కొంగలు లేచి ఎక్కడో దూరాన ఉన్న పిట్లంలో గాని వాలలేదట.

దిగి నిలబడ్డవాళ్లలో గంగారాం అనే రైతు ఉన్నాడు. "గంగారామన్నా, నీ మీసం ముందట ఎవ్వని మీసం నిలుస్తది?" అన్నాడు అబ్బాస్. గంగారాం సంబరంగా మీసం దువ్వి బీడీ ముట్టించాడు. గాలి విసిరింది. బీడీతోపాటు ఎడమవైపు మీసం కూడా అంటుకుంది.

అంతలో వెనక బస్సు వచ్చి ఆగింది. అందులోంచి భూమక్క గొంతు వినిపించింది. "ఏడున్నడు ఆ అబ్బాసు? ఉప్పు, మిరపకాయలు తెచ్చిన. వాని కాళ్ల కింది మన్ను దొరికితే బర్రెకు దిష్టి తీస్త."

"అక్కా, నాకు గూడ జరంత మన్ను," అన్నాడు గంగారాం, సగం మీసానికి చెయ్యి అడ్డం పెట్టుకొని.

"నా బస్సుకు గూడ," అన్నాడు పోచయ్య.

అబ్బాస్ అప్పటికే ఆ బస్సు టాపు మీద, మామిడికాయల గంపల నడుమ పడుకున్నాడు. కామారెడ్డిలో దూకి కాలేజీకి పరుగుతీశాడు. ముగ్గురూ వెనకే.

తరగతిలో హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దసారు విఠల్‌రావు, వానాకాలం మీద రాసిన వ్యాసమొకటి అతని చేతిలో పెట్టాడు. "ఇది నీ విద్యార్థి రాసిండనుకో. దిద్దు." అది ఆయన సొంత రచనేనని అందరికీ తెలుసు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. "సారూ, గాయనను జర కాలు లేపమను. మన్ను తీసుకుంట," అంది భూమక్క.

"ఏంది సంగతి?"

"పొద్దుగాల నా బర్రెను మెచ్చుకున్నడు. సుక్క పాలు లేవు."

"నా బస్సును మెచ్చుకున్నడు. టైరు పేలింది," అన్నాడు పోచయ్య.

గంగారాం వంతు వచ్చింది. మొహం మీది చెయ్యి తీశాడంతే. రాజమణి మేడం తన కొత్త గాజులను కొంగు కింద దాచుకుంది.

అబ్బాస్ వ్యాసం పైకెత్తి చూశాడు. కొలువు పోయేలా ఉంది. అయినా పద్ధతి పద్ధతే. "సార్, ముందుగాల మీ చేతిరాత..."

విఠల్‌రావు కుడిచెయ్యి వీపు వెనక్కి పోయింది. "ఆగు. మెచ్చుకోకు."

"మెచ్చుకోకుంటే ఫెయిలైత సార్."

"మెచ్చుకుంటే ఫెయిల్ చేస్త. తప్పులు చెప్పు."

ఇక కట్ట తెగింది. "మొదటి వాక్యంల వాన పడ్డది, రెండో వాక్యంల మబ్బు పట్టింది. నడుమ నెమలి ఎందుకొచ్చిందో దానికే తెల్వది. చెప్పాల్సింది సగంలనే అయిపోయింది, మిగిలిందంత సాగదీసుడే."

ఒక్కో తప్పుకు విఠల్‌రావు మొహం ఒక్కో దీపంలా వెలిగింది. "ఇంక? ఇంకేమన్న ఉన్నయా?" అని బతిమిలాడి మరీ చెప్పించుకున్నాడు. చివరికి లేచి అబ్బాస్ వీపు తట్టి, "నౌకరీ పక్కా," అన్నాడు. తరగతి తరగతంతా చప్పట్లు.

"తమ్మీ, నా బర్రెను గూడ నాలుగు తిట్టి పోరాదు," అంది భూమక్క.

సాయంత్రం అబ్బాస్ బర్రె ఎదుట నిలబడి దాని నడకలో, గొంతులో, చూపులో ఉన్న లోపాలన్నీ వరసపెట్టాడు. బర్రె చెవులు వాల్చి శ్రద్ధగా విని, బకెట్టు నిండి పొర్లేదాకా పాలిచ్చింది.

మరుసటి ఏడు శిక్షణలో తప్పులు దిద్దే పద్ధతి చెప్పే పని అబ్బాస్‌కే ఇచ్చారు. మెచ్చుకోవడం నేర్పే పాఠం మాత్రం ఆయన ఊళ్లో లేని రోజు చూసి పెట్టారు.