చుక్క కారితే అమ్మకమే

ఆ ఆదివారం పొద్దున్న శ్యామ్‌సుందర్ గారి పథకం చాలా చిన్నది. స్నేహితుల్ని బస్సెక్కించి లేక్‌కి తీసుకెళ్లాలి, ఇడ్లీలు తినిపించి, చీకటి పడకముందే క్షేమంగా దింపాలి. బస్సంటే ఊళ్లో తిరిగే బస్సు కాదు. మంచం, పొయ్యి, పాయిఖానా అన్నీ లోపలే ఉండే మోటార్‌హోమ్. రిటైరవగానే ముచ్చటపడి కొన్నారు. అప్పటికే దానికి ఇరవై ఏళ్లు దాటాయి. ఆయన దాన్ని వింటేజ్ అంటారు. ఆయన భార్య విజయశ్రీ తుక్కు అంటుంది. టెక్సస్‌లోని కాపెల్ ఊళ్లో వాళ్ల ఇంటి డ్రైవ్‌వే మొత్తం దానికే రాసిచ్చేశారు.

పోయిన నెల ఆ తుక్కు తన బుద్ధి చూపించింది. గుడి పార్కింగ్‌లో, సరిగ్గా పూజారి గారి కారు పక్కన, మురుగు ట్యాంకు కారింది. ఇంటికి వచ్చాక విజయశ్రీ తీర్పు చెప్పేసింది.

"ఎందుకూ పనికిరాని బండి. ఇంకొక్క చుక్క కారిందా, అమ్మేస్తున్నాం. అంతే!"

ట్యాంకు మార్చాలన్నాడు మెకానిక్. జీవితమంతా నీళ్ల పంపులు డిజైన్ చేసిన మనిషికి ట్యాంకు గురించి చెప్పడమా! శ్యామ్‌సుందర్ గారు స్వయంగా బస్సు కింద దూరి, వెల్లకిలా పడుకుని, పగులు మీద ఎపాక్సీ జిగురు రాసి అతుకు వేశారు. చలికి పైపులు గడ్డకట్టకుండా శనివారం రాత్రంతా బస్సులో హీటరు కూడా వేసి ఉంచారు. ఆ చలికి ఇంట్లో ఏదీ సరిగా జరగడం లేదని విజయశ్రీ రెండు రోజులుగా టెక్సస్‌ని తిడుతూనే ఉంది.

పొద్దున్నే శ్యామ్‌సుందర్ గారు కాఫీ కప్పుతో బయటికొచ్చి చూస్తే, బస్సు కింద తెల్లగా, చిక్కగా, పుల్లటి వాసనతో ఒక్కో చుక్కే పడుతోంది. అతుకు వదిలిందనుకున్నారు ఆయన. వెంటనే ఫోన్ తీశారు.

"ఏమయ్యా డాక్టరూ, అర్జెంట్‌గా రా. విజయకి తెలిసిందంటే నా బస్సు పోయినట్టే!"

డాక్టరు చక్రపాణి పక్క వీధిలోనే ఉంటారు. ఆయన పళ్ల డాక్టరు. కన్నాలు పూడ్చడమే వృత్తి కాబట్టి ఇంతకంటే తగిన మనిషి దొరకడని శ్యామ్‌సుందర్ గారి నమ్మకం. చక్రపాణి గారు గ్లవ్స్ తొడుక్కుని మరీ వచ్చి, ఒక చుక్క వేలికి అద్దుకుని వాసన చూశారు.

"పులిసింది. లోపల ఇన్‌ఫెక్షన్ ఉంది."

"ట్యాంకుకి ఇన్‌ఫెక్షనేంటయ్యా నీ మొహం! ముందు నీళ్లు నింపి టెస్ట్ చేద్దాం, ఎంత కారుతుందో తెలుస్తుంది."

గార్డెన్ పైపుతో ట్యాంకు నిండా నీళ్లు పట్టారు. చుక్క పెరగలేదు, తగ్గలేదు. అంటే అది ట్యాంకులోంచి వస్తున్నది కాదని చంటిపిల్లాడికైనా తెలుస్తుంది. వీళ్లిద్దరూ మరీ ఎక్కువ చదువుకున్నారు.

"అతుకు కింద పుచ్చింది శ్యామూ. పాత ఫిల్లింగ్ పీకకుండా కొత్తది వేస్తే నిలవదు. నా ప్రాక్టీస్‌లో ఎన్ని చూశాను!" అన్నారు చక్రపాణి గారు.

శ్యామ్‌సుందర్ గారు ఎపాక్సీ తేవడానికి గరాజ్‌లోకి వెళ్లారు, ఈలోగా డాక్టరు నీళ్లు వదిలేస్తాడు కదా అనుకుంటూ. శ్యాము నీళ్లు వదిలేసే వెళ్లి ఉంటాడు కదా అనుకుంటూ డాక్టరు బస్సు కింద పడుకుని ఉలి పెట్టి ఒక్క పోటు పొడిచారు. అతుకు దవడ పన్నులా ఊడి వచ్చింది. దాని వెనకే ట్యాంకంతా వచ్చింది.

చక్రపాణి గారి కేక వీధి చివరిదాకా వినిపించింది. వాసన ఇంకా దూరం వెళ్లింది. పక్కింటి నాన్సీ తలుపు తీసి, ముక్కు మూసుకుని, గ్యాస్ లీక్ అనుకుని 911 కి ఫోన్ చేసింది. ఫైరింజనూ, పిక్నిక్‌కి పిలిచిన పద్మజ కుటుంబమూ ఒకేసారి వచ్చి ఇంటి ముందు ఆగాయి.

చట్నీ గరిటెతోనే విజయశ్రీ బయటికొచ్చింది. మురుగులో మునిగిన డాక్టర్నీ, ఫైరింజన్నీ, మొగుణ్నీ వరసగా చూసింది.

"నేను చుక్క అన్నానండీ. మీరు చెరువు తెచ్చారు. రేపే అమ్మేస్తున్నాం!"

"నా అతుకు బాగానే ఉంది విజయా! పొద్దున్నించీ ఇదిగో, ఈ తెల్లటిది కారుతుంటేనే..." శ్యామ్‌సుందర్ గారికి ఏడుపొక్కటే తక్కువ.

విజయశ్రీ వంగి చూసింది. "అయ్యో, నా పిండి!" అంటూ బస్సులోకి పరిగెత్తింది. ట్యాంకు పైనున్న అలమర తలుపు తీస్తే, గుండిగలో ఇడ్లీ పిండి మూత తన్నేసి పొంగి, పైపు కోసం చేసిన కంతలోంచి నింపాదిగా కిందికి దిగుతోంది.

"పనికిరాని బండిలో పిండి ఎందుకు పెట్టావు?" శ్యామ్‌సుందర్ గారి గొంతులోకి ప్రాణం వచ్చింది.

"వెచ్చగా ఓవెన్‌లో పెడదామంటే గుండిగ పట్టలేదు. మీ హీటర్ ఊరికే వేస్ట్ అవుతోంది కదా అనీ..." విజయశ్రీ మొదటిసారి గొంతు తగ్గించింది.

"ఇంత చలిలో ఇలా పొంగిందా అక్కా! మా ఇంట్లో మూడు రోజులైనా కదలదు. నెక్స్ట్ టైమ్ మాదీ పెడతారా?" అంది పద్మజ, ముక్కు మూసుకునే.

అమ్మకం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కొత్త ట్యాంకు మెకానిక్కే బిగించాడు. బస్సు మాత్రం ఇంతవరకూ ఏ లేకూ చూడలేదు; చలికాలం వచ్చిందంటే చాలు, వీధిలోని గుండిగలన్నీ దాంట్లోనే పడుకుంటాయి.