ఎనిమిది చక్రాల తోపుకు గళ్ళ లుంగీ

మానవుడు నిప్పు కనిపెట్టిన తరువాత చేసిన రెండో గొప్ప పని, ఆ నిప్పును గొట్టంలో కూరి పక్కవాడి మీదికి వదలడం. మూడో గొప్ప పని, వదిలిన వెంటనే అక్కణ్ణించి పారిపోవడం. మొదటి రెండూ త్వరగానే కుదిరాయి. మూడోదానికి శతాబ్దాలు పట్టింది, ఎందుకంటే తోపుకు, అంటే ఫిరంగికి, సొంత కాళ్ళు లేవు. గుర్రాలు లాగాయి, ఎద్దులు లాగాయి, ఆ పైన లారీలు లాగాయి. అవన్నీ మొరాయించిన చోట సిపాయిలే వెనకనుంచి తోశారు (తోపు అన్న పేరు అందుకే వచ్చిందని నా పరిశోధన, ఇంతవరకు ఇంకెవరూ ఒప్పుకోలేదు). తరువాత ఇనుప పట్టీలు తొడిగారు. అది పొలంలో ఏనుగులా నడిచింది గాని, తారు రోడ్డెక్కితే రోడ్డునే దున్నేసింది. చివరికి లోకంలోని సైన్యాలు ఒక్కొక్కటిగా ఒక సత్యం గ్రహించాయి: ఎనిమిది చక్రాల లారీ మీదే తోపును బిగించేస్తే సరి. ఆగు, కాల్చు, శత్రువు తేరుకునేలోగా తొంభై సెకన్లలో జారుకో.

మనవాళ్ళూ గ్రహించారు. పద్ధతి ప్రకారం గ్రహించారు. చక్రాలు గుండ్రంగా ఉండాలా అన్న అంశం మీద ఒక ఉపసంఘం నాలుగేళ్ళు కూర్చుంది (ఉండాలనే తేలింది, ఒకరు అసమ్మతి రాశారు). మొత్తానికి తోపు తయారైంది. పేరు ‘తురగ-8’. ఇక మిగిలింది దానికి కప్పే గుడ్డ.

గుడ్డ అంటే మాటలా? అందుకోసం ముసుగుల మహా డైరెక్టరేటు అని ఒక శాఖే వెలిసింది. వారి నిబంధనావళి నాలుగు వందల పన్నెండు పుటలు. దాని ప్రకారం ముసుగుకు నలభై ఆరు బెల్టు బకిళ్ళు ఉండాలి. అన్నీ విప్పడానికి పదకొండు నిమిషాలు పడుతుంది. (తొంభై సెకన్లలో పారిపోవలసినవాడు పదకొండు నిమిషాలు బట్టలు విప్పుకుంటూ నిలబడితే శత్రువు ఏమనుకుంటాడన్నది నాలుగు వందల పదమూడో పుటలో ఉండవచ్చు. ఆ పుట అచ్చు కాలేదు.)

ఆ గుడ్డ నమూనా నేసే అవకాశం, ఎక్కడో ఒక కంప్యూటరు ఏమరుపాటున, తమిళనాట వేలూరు దగ్గరి గుడియాత్తంలో ఒక లుంగీ నేతగాళ్ళ సంఘానికి దక్కింది. (నేత అంటే నేసేవాడని, ఓట్లడిగేవాడు కాదని ఇంకా నమ్మే ఊరు.) సంఘానికి పన్నెండు మగ్గాలు. పదకొండు మూలపడ్డాయి. ఆడుతున్న ఆ ఒక్కటీ నాగలింగానిది. నమూనా నెగ్గితే మగ్గం నిలుస్తుంది. ఓడితే సంఘం మూతపడుతుంది. యాభై రెండేళ్ళ నాగలింగం వేలూరు వెళ్ళి, మేస్త్రీగా ఉన్న బామ్మర్ది గోవిందన్ దగ్గర ఇసుక జల్లించాలి.

వార్త మోసుకొచ్చినవాడు సంఘం కార్యదర్శి పొన్నుస్వామి.

“అన్నా, తోపుకు ముసుగు నెయ్యాలంట. సర్కారు ఆర్డరు!”

కండెలు చుడుతున్న నాగలింగం భార్య రాజాంబాళ్ రాట్నం ఆపింది. “మామిడి తోపుకు ముసుగేందప్పా? గబ్బిలాలు పడకుండానా?”

“ఆ తోపు కాదక్కా! డుమ్మని గుండ్లేస్తాదే, ఆ తోపు.”

“ఓ, అదా. దానికి చలేస్తాదా ఏంది?”

జవాబు కోసం పొన్నుస్వామి నిబంధనావళి తెరిచాడు. అది ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంది. సంఘంలో ఆ పుటలు ఎత్తగలిగినవాళ్ళు ఉన్నారు గాని చదవగలిగినవాళ్ళు లేరు. అందుకని ముగ్గురూ ఫోనులో నమూనా ఫోటో చూశారు. ఆకుపచ్చ, మట్టిరంగు, నలుపు. మచ్చలు మచ్చలుగా, ఒకదాంట్లోకి ఒకటి పాకిపోయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. లుంగీ నేసేవాడి దృష్టిలో భూమ్మీద అన్నిటికంటే ఘోరమైనది యుద్ధం కాదు. రంగు దిగడం.

నాగలింగం ఫోను తిప్పి చూశాడు, మళ్ళీ తిప్పి చూశాడు. “పావం, ఎవురో బిడ్డ నేసినాడు,” అన్నాడు చివరికి. “రంగంతా దిగిపోయిండాది.”

“రంగు సరిగ్గా కాగనీలేదు,” అంది రాజాంబాళ్, అద్దకం కుండను కళ్ళతో చూసినట్టే. “తొందరపడి దించేసినారు.”

“దీన్ని ఢిల్లీ దాకా పంపినాడే! వాళ్ళమ్మ చూస్తే ఏమనుకుంటాది?”

“అందుకే గదన్నా మనకిచ్చినారు,” అన్నాడు పొన్నుస్వామి, ఛాతీ పొంగించి. “సరిచేసి ఇమ్మని.”

దేశ రక్షణ విధానం ఆ క్షణంలో మలుపు తిరిగింది. నాగలింగం అవే మూడు రంగులు తీసుకుని, మచ్చలన్నీ సరిదిద్ది, గీత గీసినట్టు గళ్ళుగా నేశాడు. చుట్టూ అంచు వేశాడు. తోపు గొట్టానికని విడిగా నేసిన ముక్కను రెండు కొసలూ కలిపి కుట్టాడు కూడా. కుట్టని లుంగీని గుమ్మం దాటించడం ఆ ఇంటి మర్యాద కాదు. బకిళ్ళు పెట్టలేదు. లుంగీకి బకిలు పెట్టిన చరిత్ర వాళ్ళ వంశంలో లేదు.

పరీక్ష కాట్పాడి అవతల ఒక మైదానంలో. సహాయ ఉప ముసుగు నియంత్రణాధికారి శంకరలింగం మూట విప్పాడు.

“ఇది లుంగీ!”

“అవును సార్,” అన్నాడు నాగలింగం వినయంగా. “మేము నేసేది అదే సార్.”

“మచ్చలు యాడ?”

“అన్నీ తీసేసినాం సార్. ఒక్క మచ్చ కనబడితే నన్నడగండి.”

శంకరలింగం ‘తిరస్కృతి’ ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. నాగలింగం ఆ ముద్ర వైపు చూడలేక, వేలూరు కొండల వైపు చూశాడు. కాని ముద్ర పడలేదు. ఏర్పాటైన పరీక్షను రద్దు చేయాలంటే రద్దు కోరే దరఖాస్తు కావాలి. ఆ దరఖాస్తు ఫారం ఇంకా పరీక్ష దశలోనే ఉంది. కనుక పరీక్ష జరిగింది.

షరతు ఇది: తురగ-8 తన చక్రాల మీద తానే గుడియాత్తం దాకా పోయి దాక్కోవాలి. లెఫ్టినెంట్ జ్యోతిక డ్రోను ఎగరేసి గంటలోగా దాన్ని పట్టుకోవాలి. తోపుకు లుంగీ తొడిగారు. గొట్టం కుట్టిన ముక్కలోకి సుతారంగా దూరింది. కాని బండి కదలగానే అంచు చక్రాల్లో పడబోయింది. డ్రైవరు మోహన్‌రాజ్ బ్రేకు తొక్కాడు.

“అయ్యో, ఆపు నాయనా!” నాగలింగం పరిగెత్తాడు. “పరిగెత్తేటప్పుడు ఎవురైనా కింద దాకా వదులుకుంటారా? పైకి మడిచి కట్టు!”

తానే బండెక్కి, నాలుగు మూలలా అంచు పట్టి, మోకాలి పైకి (అంటే చక్రాల పైకి) ఎత్తి, ఒక్క దోపు దోపాడు. శంకరలింగం చేతిలోని స్టాప్‌వాచి నొక్కి ఆపాడు. నాలుగు సెకన్లు. నలభై ఆరు బకిళ్ళు పదవీ విరమణ చేశాయి.

లుంగీ ఎగగట్టిన ఫిరంగి కాట్పాడి దారిలో గంటకు ఎనభై మీద పోయింది. షేర్ ఆటోలు పోటీ పడ్డాయి. ఒక టౌను బస్సు దాటేసింది కూడా. కండక్టరు తల బయటపెట్టి, “ఎన్నప్పా, పెళ్ళికా?” అని అరిచాడు. ఊరి పక్కన ఎండిన ఏటి ఇసుకలో, గంజి పెట్టి ఆరేసిన కొన్ని వందల లుంగీల మధ్య తోపు ఆగింది. దోపు విప్పారు. గళ్ళలో గళ్ళు కలిశాయి.

డ్రోను గంటసేపు తిరిగింది. జ్యోతిక మూడు నీళ్ళ లారీలను, ఒక షామియానాను, అనుమానాస్పదంగా పడుకున్న ఒక బర్రెను గుర్తించింది. తోపును గుర్తించలేదు. తోపు మూడుసార్లు ఉత్తుత్తి గుండ్లు పేల్చి, లుంగీ ఎగగట్టి, ఏరు మలుపు తిరిగి మళ్ళీ పరుచుకుంది. మొత్తం నలభై సెకన్లు. బర్రె ఒక్కటే లేచింది.

జీపులో వచ్చిన శంకరలింగం ఇసుకంతా వెతికి, అలిసి, ఆరేసిన లుంగీల గుట్టకు ఆనుకుని అరిచాడు: “తోపు యాడుండాదప్పా?”

“మీరు ఆనుకోనుండేది అదే సార్,” అంది రాజాంబాళ్.

అప్పుడు ఊరంతా మూగింది. శంకరలింగం మైకు తెప్పించి, జరిగిన పొరపాటును సభాముఖంగా వివరించాడు. ఆ ఫోటోలోని గుడ్డకు రంగు దిగలేదు. చెట్టూ మట్టీ నీడా అనిపించడానికి మచ్చలు కావాలనే అద్దారు. అది లోపం కాదు, శాస్త్రం.

ఊరంతా ముక్కున వేలేసుకుంది.

“కావాలనే చెడగొడతారా!” అంది రాజాంబాళ్. “అంత చదువుకున్నోళ్ళు!”

నాగలింగం మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు. “అయితే ఆ బిడ్డ తప్పేమీ లేదా సార్? ఇన్నాళ్ళూ తిట్టుకుంటా ఉండాను.”

డైరెక్టరేటు పదకొండు రోజుల్లో గళ్ళను ఆమోదించింది (ఆ శాఖలో ఇంతకు ముందు పదకొండు రోజుల్లో జరిగింది ఒక్క టీ విరామమే). ఆర్డరు గుడియాత్తం సంఘానికే. రాజాంబాళ్ వీధంతా మైసూర్‌పాక్ పంచింది. ఆర్డరుతో పాటు ఇంకో కాగితమూ వచ్చింది. ఈ గళ్ళు ఇకపై ప్రథమ శ్రేణి సైనిక రహస్యం. అనుమతి లేనివారు చూడరాదు. నాగలింగం అనుమతికి దరఖాస్తు పెట్టాడు. ‘ఈ రహస్యం మీకు ఎలా తెలిసింది?’ అన్న ఏడో ప్రశ్నకు ‘నేనే నేసినాను’ అని పొన్నుస్వామి చేత రాయించాడు. ఆ జవాబు మీద విచారణ మొదలైంది. విచారణ ముగిసేదాకా మగ్గం ఉన్న గదికి సీలు వేసి, ఇద్దరు జవాన్లను కాపలా పెట్టారు.

నాగలింగం ఇప్పుడు వేలూరులో ఇసుక జల్లిస్తున్నాడు. ఆదివారం ఆదివారం వచ్చి, మగ్గం బాగుండాదా నాయనా అని ఆ జవాన్లను అడుగుతాడు. వాళ్ళు చెప్పరు. అదీ రహస్యమే.