ఎర్లీ మ్యూజిక్‌కు వేళకు వచ్చినవారు

ఆల్బనీ తెలుగు సమాఖ్య (అసలైనది) సభ్యులకు తెలియజేయడమేమనగా, వచ్చే శనివారం అమెరికా చరిత్రను పాటల ద్వారా వివరించు ఎర్లీ మ్యూజిక్ కచేరీ జరుగును. ముఖ్య అతిథి అమెరికా నుండి స్వయంగా విచ్చేయుచున్నారు. కచేరీ అనంతరం పులిహోర.

పై ప్రకటన రాసినవాడు న్యూజిలాండ్‌లోని ఆల్బనీలో ఉండే సమాఖ్య అధ్యక్షుడు వీరరాఘవయ్య. పేరు పక్కన 'అసలైనది' ఎందుకుందో తెలుగువారికి విడిగా చెప్పనక్కరలేదు. పాడేది మాత్రం ఐదుగురు కివీలు, అంటే ఆ దేశంవాళ్ళే. నాలుగు వందల ఏళ్ళనాటి వాద్యాలు వాయించడం వారికున్న ఏకైక వ్యసనం. నగర కౌన్సిల్ వారు ఇరుగుపొరుగు సంస్కృతుల పథకం కింద హాలు ఇచ్చి, సహ ఆతిథ్యానికి ఎవరైనా ముందుకొస్తారా అని అడిగారు. కాగితంలో 'అమెరికా' అన్న మాట కనబడగానే వీరరాఘవయ్య మిగతాది చదవకుండా సంతకం పెట్టేశాడు.

దానికి కారణం లేకపోలేదు. డాలస్‌లో ఉంటున్న తోడల్లుడు రామలింగేశ్వరరావు సరిగ్గా ఆ వారమే ఒంటరిగా సెలవు మీద వస్తున్నాడు. పదకొండేళ్ళ కిందట, రెండు వేల ఆరులో, ఇద్దరూ చెన్నైలో ఒకే వరసలో నిలబడి అమెరికా వీసా అడిగారు. చిన్నల్లుడికి వచ్చింది, పెద్దల్లుడికి రాలేదు. "అమెరికా నాకు సరిపడదని నేనే వద్దనుకున్నాను" అని వీరరాఘవయ్య న్యూజిలాండ్‌లో దిగిన రోజు నుంచీ చెప్పుకుంటున్నాడు. అమెరికా కూడా ఆయన గురించి అదే అనుకుందని భార్య గిరిజకు తెలుసు. ఇంటి పరువు కదా అని ఊరుకుంది.

అప్పటినుంచీ అత్తవారింట్లో చిన్నల్లుడి ఫోన్ వస్తే స్పీకర్‌లో పెడతారు. పెద్దల్లుడు చేస్తే "అక్కడ టైమెంత నాయనా?" అని అడిగి పెట్టేస్తారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తోడల్లుడి నోట 'అన్నయ్యా, మీరు అదృష్టవంతులు' అనిపించుకుంటే చాలు, ఈ జన్మకు ఇంకేం అక్కరలేదనుకున్నాడు వీరరాఘవయ్య.

ఎర్లీ మ్యూజిక్ అంటే పాతకాలపు సంగీతమని ఆయనకెవరూ చెప్పలేదు. పెందలాడే మొదలయ్యే సంగీతమని ఆయనే అర్థం చేసుకుని, ఐదింటికి మొదలయ్యే కచేరీకి ఆహ్వానంలో మూడు అని వేయించాడు. మూడంటే ఐదని మన ఆనవాయితీ. ఆ ప్రకారం ఐదుకు రెండు నిమిషాలుండగా నలభై కుటుంబాలు ఒక్కసారిగా హాలు ముందు కార్లు దిగాయి. సమాఖ్య పుట్టాక ఇలాంటి విపరీతం జరగలేదు. బృంద నాయకురాలు హెలెన్ ఇంత సమయపాలన గల జాతిని తానెన్నడూ చూడలేదని మైకులో ప్రశంసించింది. మనది కాని పొగడ్తయినా వెతుక్కుంటూ వస్తే కాదనకూడదు గనుక అందరూ చప్పట్లు కొట్టారు.

అతిథి ప్రసంగానికి రెండు నిమిషాలు కేటాయించారు. రామలింగేశ్వరరావు ఇరవై రెండింటితో సరిపెట్టుకున్నాడు. "ఫ్రెండ్స్! మేం వెళ్ళిన కొత్తలో డాలస్‌లో ఏముందండీ? మా వీధిలో కరివేపాకు రెబ్బ దొరికేది కాదు. ఇవాళ చూడండి, ఎటు డ్రైవ్ చేసినా గుడి, గుడి పక్కన బిర్యానీ! అమెరికాని డెవలప్ చేసింది మనమే!" అన్నాడు. ఆ విధంగా అమెరికా చరిత్ర రెండు వేల ఆరులో ప్రారంభమైనట్టు సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. వీరరాఘవయ్య వేదికెక్కి తోడల్లుడికి శాలువా కప్పాడు. ఉగాదికి తనకు కప్పిన శాలువా అదే.

తర్వాత పాటలు. ఓడల్లో వచ్చి దిగినవారి భజనలు పాడారు. అంతకు ముందే అక్కడున్నవారి పాటలు పాడారు. సంకెళ్ళు వేసి తెచ్చినవారి పాట వచ్చినప్పుడు హాలంతా నిశ్శబ్దమైంది. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూనే, పులిహోర డబ్బాలు మూడా నాలుగా అని గిరిజను సైగతో అడిగింది.

చివరిది ఎగతాళి పాట. మొదటి ఓడలో వచ్చినవాళ్ళు రెండో ఓడను చూసి ఒడ్డుకు పరిగెత్తి, 'చోటు లేదు, వెనక్కి పొండి' అని కేకలు పెట్టడం అందులోని కథ అని హెలెన్ వివరించింది. జనం విరగబడి నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వినవాడు వీరరాఘవయ్య. "ఛీ, ఏం మనుషులండీ! వాళ్ళు దిగి ఇంకా బట్టలైనా ఆరలేదు!" అన్నాడు పక్కనున్న గిరిజతో.

కచేరీ ముగిశాక రామలింగేశ్వరరావు ఆయన్ని వరండాలోకి తీసుకెళ్ళాడు.

"అన్నయ్యా, మీరు అదృష్టవంతులు."

పదకొండేళ్ళ దాహం తీరింది. వీరరాఘవయ్యకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. కానీ మాట అక్కడ ఆగలేదు.

"మా గ్రీన్ కార్డు లైను కదలట్లేదన్నయ్యా. పిల్లకి పంతొమ్మిది. ఇరవై ఒకటి నిండితే నా ఫైల్లోంచి దాన్ని తీసేస్తారు. ఎనిమిదేళ్ళప్పట్నుంచీ డాలస్‌లోనే పెరిగింది, అక్కడేమో ఉండనివ్వరు. మీ మరదలు రమామణి రోజూ ఏడుస్తోంది. ఇక్కడైతే అందరం ఒకచోట ఉంటాం. మీ ఆఫీసులో నన్ను రిఫర్ చేస్తారా?"

వీరరాఘవయ్య గుండె కలుక్కుమంది. ఆ వెంటనే ఆయనకు ఆల్బనీలో తోడల్లుడు కనబడ్డాడు, వచ్చే ఏడాది సమాఖ్య ఎన్నికలు కనబడ్డాయి, అత్తవారింట్లో స్పీకర్ ఫోన్ వినబడింది. గొంతు సవరించుకున్నాడు.

"ఇదివరకటి రోజులు కావు తమ్ముడూ. ఎవరు పడితే వాళ్ళు వచ్చేస్తున్నారు. మనవాళ్ళు ఎక్కువైపోయి ఆల్బనీ పాడైపోయింది. కొన్నాళ్ళు అసలు ఎవర్నీ రానివ్వకుండా ఆపేస్తేనే ఈ దేశం బాగుపడుతుంది. నా మాట విని ఉన్నచోటే సెటిల్ అవ్వు" అని, తోడల్లుడి భుజం మీంచి జారుతున్న శాలువాను ప్రేమగా సర్దాడు.

పులిహోర డబ్బాతో గుమ్మంలో నిలబడ్డ గిరిజ అంతా విన్నది.

"ఏమండీ, మీ బట్టలారాయా?" అంది.

వీరరాఘవయ్య చొక్కా తడిమి చూసుకున్నాడు. "వానెక్కడుందే?" అన్నాడు.

కార్యక్రమం దిగ్విజయంగా ముగిసినదనియు, అమెరికా చరిత్ర సభ్యులకు సంపూర్ణంగా వంటబట్టినదనియు సమాఖ్య నివేదికలో నమోదైంది. పులిహోర మాత్రం ఆఖరున వచ్చినవారికి మిగల్లేదు.