పది నిమిషాల నడక

దేశం మొత్తం మీద బస్టాండుకు ఇంత దగ్గరగా ఉన్న స్టేడియం మరొకటి లేదని జహీరాబాదు క్రీడాస్థల నిర్ధారణ విభాగం ప్రకటించింది. నడిస్తే పది నిమిషాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు పదకొండు. ఈ సంగతిని తెల్ల బోర్డు మీద ఎర్ర అక్షరాలతో రాయించి బస్టాండు గేటు పక్కన నిలబెట్టారు. అక్షరాల కింద రితేష్ ఫోటో, ఫోటో కింద "స్వయంగా నడిచి ధ్రువీకరించినవాడు" అన్న మాట.

స్టేడియం అక్కడికి పదకొండు కిలోమీటర్ల దూరంలో, చిరాగ్‌పల్లి వైపు, హైవే దిగినాక చెరుకు తోటల వెనక ఉంది.

అంత దూరం ఎందుకని అడిగేవాళ్లకు పరిపాలన తెలియదు. బస్టాండుకు ఎదురుగానే ఆరెకరాల ఖాళీ జాగా ఉండేది. విభాగం దాన్ని మూడుసార్లు పరిశీలించి మూడుసార్లూ తిరస్కరించింది. నిబంధన ఏడు ప్రకారం, రావడం సులువైతే జనం వస్తారు. వస్తే అరుస్తారు, కూర్చోవడానికి చోటు అడుగుతారు, మంచినీళ్లు అడుగుతారు. (మరుగుదొడ్ల సంగతి నిబంధన ఎనిమిదిలో ఉంది. అది ఇంకా ముద్రణలో ఉంది.) జనం రాని చోట తొక్కిసలాట జరిగినట్టు ప్రపంచ చరిత్రలో ఎక్కడా దాఖలా లేదు. పైగా ఊరన్నాక పెరుగుతుంది. పెరిగి పెరిగి ఏదో ఒకనాడు స్టేడియం దాకా వస్తుంది. అప్పటిదాకా స్టేడియమే కాస్త ఓపిక పట్టాలి.

చిక్కల్లా పైనుంచి వచ్చిన మార్గదర్శకాలతోనే. స్టేడియం బస్టాండుకు పది నిమిషాల నడకలో ఉండాలని వాటిలో రాసుంది. స్టేడియాన్ని జరపడం కుదరదు, గోడలు లేచాయి. బస్టాండును జరపడం కుదరదు, అందులో మనుషులున్నారు. ఇక జరపడానికి మిగిలినవి నిమిషాలే.

ఆ పనిని రితేష్‌కు అప్పగించారు. రితేష్ విభాగంలో ఔట్‌సోర్సింగ్ సహాయకుడు, ఇరవై మూడేళ్లవాడు. ఎంత పెద్ద అబద్ధాన్నయినా నవ్వకుండా టైపు చేయగల సమర్థుడు. మొదట అతను ముగ్గురు స్థానికుల వాంగ్మూలం తీసుకున్నాడు. దారి అడిగినవాణ్ని నిరాశపరచడం ఈ ప్రాంతంలో మర్యాద కాదు. పాన్‌డబ్బా అతను "గీడనే" అన్నాడు. లారీ క్లీనరు "బస్, యహీ హై" అన్నాడు. సరిహద్దు అవతలి నుంచి అల్లం అమ్ముకోవడానికి వచ్చిన రైతు కన్నడంలో "ఇల్లే" అన్నాడు. స్టేడియం మూడు భాషల్లోనూ పక్కనే ఉందని తేలింది. విభాగపు కొలతల పట్టికలో "గీడనే" అంటే పది నిమిషాలు. "జర ముంగటికి పోవాలె" అంటే పావుగంట. "ఎవర్నన్న అడుగుర్రి" అంటే మీరు రాష్ట్రం దాటిపోయారని.

ఇంతా చేశాక, ఒక మనిషి నిజంగా నడిచి సంతకం పెట్టాలని ఫారం అడిగింది. రితేష్ సంతకం పెట్టాడు.

ఆ సంతకం ఆరేలోపే మిగతా పనులు వాటంతటవే జరిగిపోయాయి. పది నిమిషాల నడకకు బస్సెందుకని విభాగం స్టాపు అడగలేదు. ఆటోలెందుకని ఆ దారిని "నడక మండలం"గా ప్రకటించి, ఆటోలో మనిషి కనపడితే జరిమానా అన్నది. (మేకలను ఎక్కించుకోవచ్చు. మేకలు ఆట చూడవు.)

మొదటి పోటీ పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లల ఖోఖో. ఆ రోజు ఉదయం తొమ్మిదిన్నరకు రితేష్ బోర్డు కింద నిలబడి, తన ఫోటోను పక్కనుంచి చూస్తే ఎలా ఉందో పరీక్షిస్తూ చాయ్ తాగుతున్నాడు. న్యాల్‌కల్ బస్సు ఆగింది. మెడలో ఈలతో ఆటల టీచరు త్రివేణి, ఆమె వెనక పన్నెండుమంది పిల్లలు దిగారు. త్రివేణి బోర్డు చదివింది. ఫోటోను చూసింది. తల తిప్పి రితేష్‌ను చూసింది.

"తమ్మీ, గీ ఫోటోల ఉన్నది నువ్వే గదా?"

"అవు మేడం," అన్నాడు రితేష్. గుర్తుపట్టిన మొదటి మనిషి ఆవిడే.

"మంచిగైంది. పదిన్నర లోపల హాజరేయించుకోవాలె మేము. లేటైతే ఆట లేదు. గీ మా కెప్టెన్ అఫ్రీన్‌కు వచ్చేయేడు వయసు దాటుతది, ఆమెకు ఇదే ఆఖరు. పది నిమిషాలే అని మీరు కాగితం పంపిన్రు గాబట్టి నిమ్మళంగ వచ్చినం. నడువు, తొవ్వ చూపియ్యి."

"నాకు ఈడ డ్యూటీ ఉంది మేడం."

"నీ డ్యూటీ ఏందో ఆ బోర్డు మీదనే రాసుంది."

నిజం చెప్పడానికి నాలుగు మాటలు చాలు. కానీ ఆ నాలుగు మాటలతో ఉద్యోగం పోతుంది, బోర్డు పోతుంది. ఫోటో కూడా మళ్లీ అంత బాగా రాదు. మొదటి మూల తిరిగాక చెబుదామనుకుని రితేష్ ముందు నడిచాడు.

పది నిమిషాలకు వాళ్లు కూరగాయల మార్కెట్టు దాటారు.

"అన్నా," అన్నది అఫ్రీన్ చేతి గడియారం చూసుకుంటూ, "అయిపోయినయి."

"ఏంటివి?"

"మీ పది నిమిషాలు."

"అవి ట్రాఫిక్‌ల పోయినయి చెల్లె. లెక్కకు రావు."

ఊరు అయిపోయింది. ఇళ్లు అయిపోయాయి. గోదాములు మొదలై అవీ అయిపోయాయి. ముంబయి వైపు పోయే లారీలు ఒక్కొక్కటే పన్నెండుమంది జడల్నీ ఒకేసారి ఎగరేసి పోతున్నాయి.

"అన్నా, జర అడుగుత, కోపానికి రావద్దు," అన్నది అఫ్రీన్. "మీ పది నిమిషాలు ఏ నెలల అయిపోతయి?"

"నడకను బట్టుంటది. మీరు చిన్నగ నడుస్తున్నరు."

అది అనకూడని మాట. పన్నెండుమందీ పరుగందుకున్నారు. వాళ్లు ఖోఖో ఆడేవాళ్లు, రితేష్ టైపు చేసేవాడు. రెండు ఫర్లాంగుల తర్వాత అతని బ్యాగు ఒక పిల్ల చేతిలో, నీళ్ల సీసా ఇంకో పిల్ల చేతిలో ఉన్నాయి. అతను మాత్రం త్రివేణి చేతిలో ఉన్నాడు. జబ్బ పట్టుకుని నడిపిస్తోంది.

చెరుకురసం బండి కనిపించింది. బండి నాగప్పది. త్రివేణి ఆగి అడిగింది.

"పెద్దాయనా, స్టేడియం ఎంత దూరం?"

"ఇల్లే తల్లీ, ఇల్లే. పది నిమిషాలు."

"తాతా, నువ్వెప్పుడన్న పోయినవా?" అన్నది అఫ్రీన్.

"నేనెందుకు పోత బిడ్డా? ఆడేముందని."

"మరి పది నిమిషాలని ఎట్ల తెలుసు?"

"బస్టాండ్ల బోర్డు లేదా? ఎవడో పిలగాడు సొంతంగ నడిచిండట." నాగప్ప చెమటతో నాని ఉన్న రితేష్ వైపు జాలిగా చూశాడు. "ఈయన ఎవరు, పేషెంటా? దవాఖాన అటు దిక్కు."

వెనకనుంచి బస్సు వస్తే పిల్లలందరూ చేతులెత్తారు. కండక్టరు తల బయటపెట్టి, "ఆడ స్టాపు లేదమ్మా, నడిసే దూరమే గదా, పోర్రి" అని ధైర్యం చెప్పి వెళ్లిపోయాడు.

పదిన్నర అయింది. అఫ్రీన్ గడియారం విప్పి జేబులో వేసుకుంది. ఆ తర్వాత ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. రితేష్‌కు లారీల మోత ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది. ఏ నెలలో అయిపోతాయని మళ్లీ అడిగితే బాగుండుననుకున్నాడు. అడగలేదు.

పదకొండు యాభైకి స్టేడియం గేటు వచ్చింది. లోపల ఐదువేల కుర్చీలు. కూర్చున్నవాళ్లు లేరు. అవతలి జట్టు, రాయికోడ్ పిల్లలు, బోర్డు చదవలేదు కాబట్టి పొద్దున్నే ట్రాక్టరులో వచ్చేసి వేపనీడ కూడా లేని గోడవార నిద్రపోతున్నారు. గేటు దగ్గర బల్ల వేసుకుని, రిజిస్టరు ముందు పెట్టుకుని, స్థల నిర్ధారణ అధికారి విరూపాక్ష సార్ కూర్చున్నారు.

"బస్టాండుల ఎప్పుడు దిగిన్రు మేడం?"

"తొమ్మిదిన్నరకు సార్."

"అంటే తొమ్మిది నలభైకి ఈడికొచ్చిన్రు," అని ఆయన రాసుకున్నారు. "ఇప్పుడు పన్నెండు కావస్తంది. గీ రెండు గంటలు ఏడ తిరిగిన్రు?"

"నడుస్తనే ఉన్నం సార్."

"పది నిమిషాల తొవ్వ రెండు గంటలెట్ల నడుస్తరు? రికార్డు ఉన్నది గదా. పిల్లలు మైదానానికి వచ్చి గూడ హాజరు వేయించుకోలే, షికార్లు తిరిగిన్రు అని రాయాల్సొస్తది. క్రమశిక్షణ కింద మీ బడికి రెండేండ్లు ఆట బంద్. నా చేతిల ఏం లేదు మేడం, రూలట్లున్నది."

త్రివేణి రితేష్ వైపు తిరిగి నిలబడింది. పిల్లలు కూడా తిరిగారు. అఫ్రీన్ ఒక్కతే తిరగలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని, వీపు మీద గుచ్చిన నంబరు కాగితానికి పిన్నులు ఒక్కొక్కటే తీస్తోంది.

రెండో పిన్ను వచ్చేసరికి రితేష్ నోరు తెరిచాడు.

"ఆల్ల తప్పు లేదు సార్. నేను నడవలే."

"ఏం నడవలే?"

"సంతకం పెట్టిననాడు. ఇయ్యాలనే మొదటిసారి నడిచిన. రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. ఆఖరుకు టీచరమ్మ ఈడ్చుకొచ్చింది."

"మరి పది నిమిషాలని ఎట్ల తేల్చినవ్?"

"ఆటోల పోయినం సార్. ఎక్కంగనే కన్నంటుకున్నది. లేచి చూస్తే స్టేడియం. పది నిమిషాలైతదేమో అనుకున్న."

విరూపాక్ష సార్ కలం కింద పెట్టారు. ఒప్పుకోలుకు వేరే ఫారం ఉంది. బల్ల సొరుగులోంచి తీశారు. "నువ్వు ఒప్పుకున్నంత మాత్రాన చెల్లదు. సాక్షి ఉండాలె. నువ్వు నిద్రవోయినవని చెప్పెటోడు ఎవడన్న ఉన్నడా?"

"ఉన్నరు సార్. కానీ ఆయన నా కంటె ముందు పన్నరు."

"ఎవరు?"

"నా భుజం మీద తల పెట్టుకొని... మీరే సార్."

పిల్లలు నవ్వు కనపడకుండా ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. పన్నెండో పిల్లకు దాక్కోవడానికి ఎవరూ మిగలలేదు. విరూపాక్ష సార్ తొమ్మిది నలభైని జాగ్రత్తగా కొట్టేసి, పన్నెండు పేర్లకూ హాజరు వేసి, "పోర్రి, పోయి ఆడుర్రి" అన్నారు. త్రివేణి అఫ్రీన్ వీపుకు నంబరు తిరిగి గుచ్చింది.

ఆ తర్వాత సార్ ఆటో డ్రైవరు పేరేమిటని రితేష్‌ను అడిగి, సాక్షి గడిలో "యాకూబ్" అని నింపారు. స్టేడియం ఎంత దూరమో తేల్చిన ఆ మొత్తం వ్యవహారంలో మెలకువగా ఉన్నది అతనొక్కడే.