కూపర్ వీధి చివరింటికి నిప్పు పెట్టుట గురించి

కెట్లర్స్ బెండ్ నగర ప్రజలకు అగ్నిమాపక బోర్డు వారు సంతోషంతో తెలియజేయునది ఏమనగా, వచ్చే శనివారం ఉదయం కూపర్ వీధిలోని చివరి ఇల్లు బోర్డు ఆధ్వర్యంలో తగలబెట్టబడును. కావున పౌరులందరూ కుటుంబ సమేతంగా విచ్చేసి అగ్నిప్రమాదాల నివారణ గురించి విజ్ఞానం పొందవలెను. కాల్చిన సాసేజీలు, నిమ్మరసం ఏర్పాటు చేయడమైనది. కుర్చీలు ఎవరివి వారే తెచ్చుకోవలెను. సదరు ఇంట్లో నివసించువారు శుక్రవారం సాయంత్రానికి ఖాళీ చేయవలెను.

ఈ ప్రకటనలో వింతేమీ లేదు. మా వైపు పాత ఇల్లు వద్దనుకున్న ఆసామి దాన్ని అగ్నిమాపక శాఖకు దానమిస్తాడు. శాఖవాళ్లు దానికి తామే నిప్పు పెట్టి, తామే ఆర్పి, మళ్లీ పెట్టి, మళ్లీ ఆర్పి పని నేర్చుకుంటారు. చివర్లో ఆర్పడం మానేస్తారు. శాఖకు శిక్షణ, ఊరికి వినోదం, దాతకు పన్నులో రాయితీ. ఇల్లు కూల్చే శ్రమ కూడా దాతకు తప్పుతుంది గాని, దానం చేసే మనసున్నవాళ్లు అంత దూరం ఆలోచించరు. ఈసారి కొత్త సంగతల్లా ఆ ఇంట్లో ఒక మనిషి కాపురం ఉండటమే.

ఆమె పేరు ఐలీన్ ప్రుచా. మా ఊరి బడి క్యాంటీన్లో చాలా ఏళ్లు వడ్డించి రిటైరైంది. భర్త పోయాక ఒక పిల్లిని తోడు పెట్టుకుని ఆ అద్దెఇంట్లోనే ఉంటోంది. నోరున్న మనిషే గాని చెడ్డది కాదు. ఆమె చేసిన నేరమేమిటంటే, వంటింట్లో టోస్టర్ పెట్టినప్పుడల్లా హాల్లో దీపం మినుకుమినుకుమంటోందని, స్విచ్చుబోర్డు ముట్టుకుంటే చెయ్యి కాలుతోందని, పెరటి తలుపు ఎవరో మేకులు కొట్టి బిగించేశారని, పైకప్పు కారుతోందని ఊరికే ఉండక నలుగురి చెవినా వేసింది.

ముందు ఇంటి యజమానికి చెప్పింది. ఆయన ఫైర్ స్టేషనుకు చెప్పమన్నాడు. స్టేషనుకు వెళ్లి చెప్పింది. అద్దె ఇళ్ల తనిఖీ అగ్నిమాపక బోర్డు పరిధిలోకి వస్తుందని వాళ్లన్నారు. దాంతో ఆమె బోర్డు సమావేశానికి వచ్చింది. బోర్డు చైర్మన్ రాండల్ స్టూట్స్‌మన్ గారు. ఇంటి యజమానీ ఆయనే.

మా బోర్డు గురించి నాలుగు మంచి మాటలు చెప్పకపోతే కళ్లు పోతాయి. అందులో ఇళ్లు అద్దెకిచ్చే స్టూట్స్‌మన్ గారున్నారు, హైస్కూల్లో ఫుట్‌బాల్ నేర్పి రిటైరైన కోచ్ గారున్నారు, శవసంస్కారాల వ్యాపారం చేసే పెద్దమనిషి ఉన్నాడు, ప్రజల్లో అగ్ని విజ్ఞానం వ్యాప్తి చేయడానికి బెవర్లీ నైహఫ్ గారున్నారు. మంటల గురించి వీరిలో ఎవరికీ ఏమీ తెలియదు గనుక నిష్పక్షపాతంగా ఉంటారు. వారి సమావేశాలకు నేను ఏళ్ల తరబడి వెళ్తున్నాను. కాఫీ ఉచితం, పైగా వేడిగా ఉంటుంది.

ఆ రోజు అజెండాలో మొదటి అంశం బకెట్ బాబాయ్. పిల్లలకు నిప్పు గురించి బోధించడానికి మనిషంత బకెట్టు వేషం ఒకటి కుట్టించాలని నైహఫ్ గారి ప్రతిపాదన. బకెట్టుకు కనుబొమలుండాలా వద్దా అన్నదాని మీద చర్చ సాగింది. ఉండకపోతే పిల్లలు జడుసుకుంటారని ఆవిడ, ఉంటే అది బకెట్టులా ఉండదని కోచ్ గారు. శవసంస్కారాల పెద్దమనిషి మాత్రం ముఖంలో ప్రశాంతత ముఖ్యమన్నాడు. కనుబొమలు నెగ్గాయి.

తర్వాత ఐలీన్ వంతు వచ్చింది. మా దగ్గర మైకు ముందు మూడు రంగుల దీపం ఉంటుంది. పచ్చ వెలిగితే మాట్లాడాలి, పసుపు వెలిగితే ముగించాలి, ఎరుపు వెలిగితే నోరు మూసుకోవాలి. ఆమె పచ్చలోనే అంతా చెప్పేసింది.

చైర్మన్ గారు శ్రద్ధగా విని, ఖాళీగా ఉన్న రెండో మైకు వైపు చూసి, "ఓనరు గారూ, మీ మీద ఫిర్యాదు వచ్చింది. ఏమంటారు?" అన్నారు. అని, కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆ మైకు ముందు నిలబడి, "చైర్మన్ గారూ, నాకిప్పుడే తెలుస్తోందండీ. ఆవిడ ముందే నా చెవిన వేసుంటే బాగుండేది" అన్నారు. ఒకే మనిషి రెండు బాధ్యతలను కలిసిపోకుండా చూసుకోవడానికి ఎంత నిగ్రహం కావాలి.

"ఈస్టరప్పుడే చెప్పాగా. మీ కారు దగ్గర నిలబడి చెప్పా. తల కూడా ఊపారు" అంది ఐలీన్.

"అమ్మా, ఓనరు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డం రాకండి" అన్నారాయన. ఆ మాట అనే అధికారం ఓనరుకు లేదని వెంటనే గుర్తొచ్చి, మళ్లీ బల్ల చుట్టూ తిరిగి వెళ్లి కుర్చీలో కూర్చుని అదే మాట మళ్లీ అన్నారు. హాల్లో కొందరు చప్పట్లు కొట్టారు.

బోర్డు తనిఖీ అధికారి సెలవులో ఉన్నందున విచారణకు ఫైర్ చీఫ్ వేన్ ఓస్ట్‌బర్గ్‌ను పంపారు. ఓస్ట్‌బర్గ్ మంచివాడు. చిన్నప్పుడు ఐలీన్ చేతి వడ్డన తిన్నవాడే. వెళ్లి చూసి వచ్చి, తర్వాతి సమావేశంలో ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ ఇల్లు ఏ క్షణంలోనైనా అంటుకోవచ్చు, అంటుకుంటే ఆవిడ బయటపడటం కష్టం అన్నాడు. ఐలీన్ గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకుంది. తన మాట నిజమని పెద్దలకు తేలిపోయింది గనుక ఇక రేపో మాపో ఎలక్ట్రీషియన్ వస్తాడని ఆ పిచ్చి తల్లి అనుకుంది.

అప్పుడు కోచ్ గారు చెయ్యెత్తారు. "ఎలాగూ అంటుకునేదే కదా, అదేదో మనమే అంటిస్తే పోదా? మన కుర్రాళ్లకి తగలెయ్యడానికి ఇల్లు దొరికి ఎన్నాళ్లయింది?"

బోర్డు సభ్యులంతా కాఫీ కప్పులు కింద పెట్టారు. గొప్ప ఆలోచన వచ్చినప్పుడు అలాగే ఉంటుంది. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. ప్రమాదవశాత్తు కాలడం కన్నా ప్రణాళిక ప్రకారం కాలడమే నాగరికమని ఒకరు, కాలిపోయిన ఇల్లు మళ్లీ కాలదు గనుక ఇది శాశ్వత నివారణ చర్య అని ఒకరు వివరించారు. బకెట్ బాబాయ్‌ని అక్కడే ప్రజలకు పరిచయం చేయొచ్చని నైహఫ్ గారు మురిసిపోయారు. స్టూట్స్‌మన్ గారు లేచి మైకు దగ్గరకు వెళ్లి ఓనరుగా ఇంటిని దానం చేస్తున్నట్టు ప్రకటించారు. తిరిగి వచ్చి చైర్మనుగా ఆ దాతకు కృతజ్ఞతలు చెప్పారు. ప్రతిపాదన ఏకగ్రీవం.

"మరి నేనెక్కడుండాలి?" అంది ఐలీన్.

మైకు ముందు ఎర్ర దీపం వెలుగుతోంది. అయినా చైర్మన్ గారు పెద్దమనసుతో జవాబిచ్చారు. "అమ్మా, ఇది అగ్నిమాపక బోర్డు. నివాసం మా పరిధిలోది కాదు. కానీ మీరు మా కళ్లు తెరిపించారు. అందుకు ఈ నగరం మీకు రుణపడి ఉంటుంది." అప్పటికప్పుడు ఆమెకు 'జాగరూక పౌరురాలు' అనే బిరుదు మంజూరు చేసి ఫొటో కూడా తీయించారు. ఫొటోలో ఆమె నవ్వలేదు. చాలామంది అది వినయం అనుకున్నారు.

శుక్రవారం నాడు చీఫ్ ఓస్ట్‌బర్గే వచ్చి ఆమె సామాన్లు బండికెత్తాడు. నేనూ ఒక చెయ్యి వేశాను. వంటబల్ల దించుతూ అతను ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"ఆంటీ, నేను చూసిందే చెప్పాను. ఇలా చేస్తారని నాకేం తెలుసు?"

"నువ్వేం చేస్తావులే నాయనా. ఇంటికి నిప్పంటుకోకుండా చూడమన్నాను, ఇల్లే లేకుండా చూస్తున్నారు. అంతకన్నా ఏం కావాలి?"

"నన్ను తిట్టేయొచ్చుగా."

"తిట్టి ఏం లాభం. బళ్లో రోజూ నీకు బంగాళదుంప ముద్ద రెండోసారి వేసేదాన్ని. ఒకసారే వేసుండాల్సింది."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె మాత్రం నవ్వింది. కానీ పిల్లిని అట్టపెట్టెలో పెట్టాక మూత రెండుసార్లు తెరిచి చూసుకుంది. నాకు చాలా బాధేసింది. ఈ మాట చెప్పకుండా దాటేస్తే అబద్ధమవుతుంది.

శనివారం ఎండ బ్రహ్మాండంగా కాసింది. కూపర్ వీధి నిండా కుర్చీలు వేశారు. పిల్లల నెత్తిన ఎర్ర ప్లాస్టిక్ టోపీలు పెట్టారు. బకెట్ బాబాయ్ కనుబొమలతో సహా వచ్చి, బట్టలకు నిప్పంటుకుంటే ఏం చేయాలో గడ్డి మీద చేసి చూపించాడు. ఆగు, పడు, దొర్లు. దొర్లిన బకెట్టు మళ్లీ లేవలేకపోవడంతో ముగ్గురు పట్టి లేపాల్సి వచ్చింది. వీధికి అవతల, అట్టపెట్టె కాళ్ల దగ్గర పెట్టుకుని ఐలీన్ నిలబడింది. బిరుదు పొందిన మనిషి గనుక ముందు వరుసలో కుర్చీ వేశారు గాని ఆమె కూర్చోలేదు.

చైర్మన్ గారు ఉపన్యసించారు. "మిత్రులారా, నిప్పు మన శత్రువు. శత్రువును ఎదుర్కోవాలంటే వాడికన్నా ముందు మనమే అక్కడికి చేరుకోవాలి. ఈ రోజు ఈ ఇల్లు తనను తాను త్యాగం చేసుకుంటోంది. ఇది ఎంత ప్రమాదకరమైన ఇల్లో ఇప్పుడు మీ కళ్లారా చూస్తారు."

నిప్పు పెట్టారు. ఇల్లు అంటుకోలేదు.

మళ్లీ పెట్టారు. కాసింత పొగ లేచి కిటికీలోంచి బద్ధకంగా బయటికి వచ్చి ఆగిపోయింది. విషయమేమిటంటే, ఏళ్ల తరబడి కారిన పైకప్పు పుణ్యమా అని ఆ ఇంటి దూలాలన్నీ నానిపోయి ఉన్నాయి. జనం గుసగుసలాడటం మొదలుపెట్టారు. ఎవరైనా అయితే తడబడేవారు. స్టూట్స్‌మన్ గారు తడబడలేదు. మళ్లీ మైకు అందుకున్నారు. "గమనించండి మిత్రులారా. పైకప్పు కారుతోందని ఈ ఓనరు మీద ఎన్ని నిందలు వేశారు! అగ్ని నుంచి అద్దెదారును కాపాడటానికి ఆయన చేసిన ఏర్పాటు అది. ఆయన తన మంచితనాన్ని ఎన్నడూ బయటికి చెప్పుకోలేదు." చప్పట్లు మోగాయి. ఓనరు గారు సిగ్గుపడి తల వంచుకున్నారు.

ఆనక ఎవరో లారీ వేసుకెళ్లి ఎండుగడ్డి మోపులు, విరిగిన చెక్క పెట్టెలు తెచ్చారు. గదినిండా వాటిని కుక్కి అంటించాక ఇల్లు ఇక మాట వినక తప్పలేదు. మంట పైకప్పు దాకా లేచినప్పుడు వంటింటి కిటికీకి ఇంకా వేలాడుతున్న పువ్వుల పరదా ఒకటి కనిపించింది. తీసుకెళ్లడం మరిచిపోయినట్టుంది. అది ఒక్క క్షణంలో పోయింది. ఐలీన్ అట్టపెట్టె ఎత్తుకుని వెనక్కి తిరిగి నడిచి వెళ్లింది. సాసేజీలు చాలా రుచిగా ఉన్నాయని అందరూ ఒప్పుకున్నారు.

కొన్నాళ్లు ఆమె చెల్లెలి ఇంట్లో సోఫా మీద పడుకుంది. పిల్లి పడని ఇల్లు అది. ఊళ్లో ఖాళీగా ఉన్న అద్దె ఇళ్లలో ఆమె స్థోమతకు తగినది ఒకటే దొరికింది. స్టూట్స్‌మన్ గారిదే, రైలు గేటు పక్కన. అద్దె కొంచెం ఎక్కువ. ఇంకా కాలని ఇల్లు కదా మరి. చేరిన మర్నాడు ఆమె టోస్టర్ పెట్టగానే హాల్లో దీపం మినుకుమినుకుమంది. ఈ సంగతి ఆమె నాకు కిరాణా కొట్టు దగ్గర చెప్పింది. చెప్పేటప్పుడు అటూ ఇటూ చూసింది.

"ఈసారి బోర్డుకు వెళ్తారా?" అన్నాను.

"నాకు ఇంకో ఇల్లు ఎక్కడ దొరుకుతుంది, నువ్వు చెప్పు?"

అక్టోబరులో అగ్ని భద్రతా విజ్ఞాన వారోత్సవం వచ్చింది. ఆ సందర్భంగా బోర్డు బహిరంగ సమావేశం పెట్టింది. ఊళ్లో అద్దెకుంటున్నవాళ్లంతా వచ్చారు. అందరూ కూపర్ వీధికి కుర్చీలు మోసుకొచ్చినవాళ్లే. చైర్మన్ గారు చిరునవ్వుతో, "ఎవరి ఇంట్లోనైనా లోపాలుంటే నిర్భయంగా చెప్పండి. మేం తక్షణం చర్య తీసుకుంటామని మీకు తెలుసు" అన్నారు. తెలుసు. అందరికీ బాగా తెలుసు. ముందుగా జాగరూక పౌరురాలిని ఆహ్వానించారు. ఐలీన్ మైకు దగ్గరకు వచ్చింది. పచ్చ దీపం వెలిగింది. హాలంతా ఆమె నోటి వైపే చూస్తోంది. చీఫ్ ఓస్ట్‌బర్గ్ కూడా చూస్తున్నాడు. నాకు తెలిసి ఆ దీపం పసుపు రంగులోకి మారేదాకా ఎవరూ మాట్లాడకపోవడం అదే మొదటిసారి.

"అంతా బావుందండి" అంది. "స్విచ్చులు చల్లగా ఉన్నాయి."

ఆమె వెనక ఒక్కొక్కరే వచ్చారు. గోడలో చిటపటలు వినిపించే ఆయన తన ఇల్లు నిశ్శబ్దానికి పెట్టింది పేరన్నాడు. పసిబిడ్డను ఎత్తుకొచ్చిన తల్లి, మెట్లు కూలినప్పటినుంచి తాము ఎంతో క్షేమంగా ఉన్నామంది. పెరటి తలుపుకు మేకులు కొట్టించుకున్నవాళ్లు, దొంగల భయం లేదని కృతజ్ఞతలు తెలిపారు. ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఫిర్యాదులు లేవు గనుక తనిఖీ అనవసరమని తనిఖీ అధికారి పదవి రద్దు చేశారు. అలా మిగిలిన సొమ్ముతో బకెట్ బాబాయ్‌కి ఒక భార్యను కుట్టిస్తున్నారు. ప్రజల్లో అగ్ని విజ్ఞానం పూర్తిగా వ్యాపించిన నగరంగా మాకు రాష్ట్ర స్థాయి పతకం వచ్చింది.

ఇప్పుడు మా విధానం చూసి నేర్చుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో బృందాలు వస్తున్నాయి. మొన్న మీ ఊరి నుంచి కూడా పెద్దమనుషులు వచ్చారు. కాలిన స్థలం చూపించి, జరిగినదంతా చెప్పి, కాఫీ ఇచ్చాం. వాళ్లు మర్యాదగా విన్నారు. కానీ ఎందుకో పెద్దగా మెచ్చుకోలేదు. కాఫీ తాగాక వాళ్లలో ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "ఇంత చిన్నదానికి ఇల్లు తగలెయ్యడం దేనికండీ? మా వాళ్లు ఊరికే నోరు మూసుకుంటారు" అన్నాడు.