నిండు కుర్చీకి నలభై ముద్రలు

పొద్దున్నే అటుకుల పోహా తినేసి, వీధిలోని నలభైమంది ఆడవాళ్లనూ ట్రాక్టరెక్కించి పోలింగుకు పంపాలని బాలముకుంద్ ముందే అనుకున్నాడు. ఆయన భార్య ఊర్మిళ పిపరిహా పురపాలక అధ్యక్షురాలు. రెండేళ్లు నిండాయో లేదో, కౌన్సిలర్లంతా ఏకమై ఆమెను దించాలా ఉంచాలా అని ఎన్నిక తెచ్చిపెట్టారు. బ్యాలెట్ మీద పైన మనిషి కూర్చున్న నిండు కుర్చీ, కింద ఖాళీ కుర్చీ. ఉంచాలంటే పైదానికి ముద్ర, దించాలంటే కిందిదానికి. భార్య కుర్చీ దిగితే ఊళ్లో తనను పలకరించే దిక్కుండదని ఆయన దిగులు.

మధ్యాహ్నానికి వరసకు పిన్ని అయ్యే రామకలీ కాకీ వెలిగిపోతూ ట్రాక్టర్ దిగింది.

"వేశావా కాకీ?"

"వెయ్యకేం లల్లా! కుర్చీలో మన కోడలు కూర్చుంటే మొహాన ముద్ర కొడతామా? అందరం కాళ్ల దగ్గర భక్తిగా వేసొచ్చాం."

బాలముకుంద్‌కు అర్థమైంది. కాళ్ల దగ్గరంటే రెండు బొమ్మల మధ్య గీత మీద. నలభై ఓట్లూ చెల్లవు.

"పైన చోటే లేదా?"

"చోటుంది. సిగ్గుండద్దూ?"

పాన్ డబ్బా దగ్గర ఇంకో పిడుగు పడింది. "భయ్యా, రూలు ప్రకారం చెల్లని ఓట్లూ లెక్కలోకొస్తాయట!" అన్నారెవరో. లెక్కలోకొస్తాయంటే ఖాళీ కుర్చీ వైపే పడతాయని ఆయన తీర్మానించుకున్నాడు. ఇంటికొచ్చి ఆ మాటే భార్యకు చెప్పాడు.

"తెలిసినవాళ్లనెవరినైనా అడగండి," అంది ఊర్మిళ.

"అడిగేదేంటి? కోర్టుకే పోతున్నా!"

మర్నాడు జబల్‌పూర్‌లో ఖరే వకీలు కాగితాలు చూసి కళ్లజోడు తీశాడు. "భాయి సాబ్, ఒక్క మాట వినండి. ఈ రూలు మీకే..."

"మాటలు జడ్జిగారి ముందు చెప్పండి! చెల్లని ఓటును లెక్కపెడితే చెల్లిన ఓటుకు అవమానం కాదూ? రాజ్యాంగం ఒప్పుతుందా?"

ఆ వాక్యం ఖరేకి తెగ నచ్చింది. మిగతాది మరిచిపోయి దాన్ని రాసుకున్నాడు.

కౌంటింగుకు ముందురోజు కేసు విచారణకొచ్చింది. జడ్జిగారు ఒకటికి రెండుసార్లు అడిగారు. "మీరు అధ్యక్షురాలి తరఫునేనా?"

"ఆవిడ మొగుణ్ణి, హుజూర్!"

కౌన్సిలర్ల తరఫున వచ్చిన అవతలి వకీలు నవ్వుతూ అభ్యంతరం లేదన్నాడు. ఆ రూలు సమానత్వానికి విరుద్ధం, చెల్లని ఓట్లను మొత్తంలో కలపరాదని తీర్పొచ్చింది. బాలముకుంద్ కోర్టు వరండా అంతా దూద్‌పేడాలు పంచాడు, ఊళ్లో బ్యాండుమేళానికి కబురు పెట్టాడు. అయినా లోపల ఎక్కడో గుబులు వదల్లేదు. అవతలివాడు ఎందుకు నవ్వినట్టు?

మర్నాడు కౌంటింగు అధికారి ఫలితం చదివాడు. ఖాళీ కుర్చీకి రెండువేల పది, నిండు కుర్చీకి పంతొమ్మిది వందల తొంభై, చెల్లనివి నలభై.

"దించాలంటే పోలైన ఓట్లలో సగం దాటాలి. పాత రూలైతే పోలైనవి నాలుగువేల నలభై, సగం రెండువేల ఇరవై. అది దాటలేదు కాబట్టి మేడమ్ ఉండేవారు. కోర్టువారు ఆ నలభై తీసెయ్యమన్నారు. ఇప్పుడు సగం రెండువేలే. పది ఎక్కువొచ్చాయి. మేడమ్ దిగిపోవాలి."

బయట బ్యాండు మొదలైంది. ఊర్మిళ ఆఫీసు బీరువా తాళాలు బల్లమీద పెట్టి మొగుడి వంక చూసింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"ఊరంతా కలిసి నన్ను దించలేకపోయింది. మీరొక్కరే సరిపోయారు."

బాలముకుంద్ ఖరేకి ఫోన్ చేశాడు. "వకీల్ సాబ్, వెంటనే అప్పీలు వెయ్యండి!"

"గెలిచిన కేసుకు అప్పీలుండదు, భాయి సాబ్."